తాతగారి తుపాకీ పుట్టిల్లు ఎక్కడ? పేరును నమ్మాలా, ముద్రలనా?

పాతఇనుము: తాతగారి జోడు గొట్టాల పన్నెండు బోరు తుపాకీ. గొట్టాల మధ్య పట్టీ మీద "మాంటన్ అండ్ కో, కలకత్తా" అని ఉంది, సంవత్సరం లేదు. ప్రస్తుతం డీలరు దగ్గర డిపాజిట్‌లో ఉంది. లండన్ తయారీ అనుకోవచ్చా?

గట్టుమీద: అనుమానమెందుకండీ? లండన్ తుపాకుల తయారీలో మాంటన్ అంటే చిన్న పేరా! పేరున్న కంపెనీ నాసిరకం సరుకు మీద తన పేరు చెక్కించదు.

గొట్టంకింద: సరుకు మంచిదే కావచ్చు, కానీ పట్టీ మీద పేరు చాలాసార్లు అమ్మినవారిది. కలకత్తా, మద్రాసు దుకాణాలు బర్మింగ్‌హామ్ నుంచి తుపాకులు తెప్పించి తమ పేరు వేయించుకునేవి. డీలరు సమక్షంలోనే విప్పించండి. ముందు రెండు గొట్టాలూ ఖాళీయేనని చూడాలి. తర్వాత గొట్టాల కింద చేత్తో పట్టుకునే ముందరి చెక్కను ఊడదీసి, పై మీట పక్కకు నొక్కి, గొట్టాలను వంచి పైకెత్తితే వచ్చేస్తాయి. వాటి అడుగున, తూటా కూర్చునే చోట చదునుగా ఉంటుంది. గొట్టాల బలాన్ని పేల్చి పరీక్షించాక వేసే ముద్రలు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

కిరీటం కింద బి.పి., బి.వి. ఉంటే బర్మింగ్‌హామ్ పరీక్ష, 1904–1954 మధ్యది. కోడిగుడ్డు ఆకారంలో ఇ.ఎల్.జి. ఉంటే బెల్జియంలోని లియేజ్. దానిపైన కిరీటం ఉంటే 1893 తర్వాతది. వజ్రం గుర్తులో 12, సి ఉంటే 1887–1925 నాటి ఇంగ్లీషు పరీక్ష.

గట్టుమీద: అయితే ముద్ర కూడా పరీక్ష జరిగిన ఊరే చెబుతుంది కదా, తయారైన ఊరు కాదు!

గొట్టంకింద: ఆ మాట నిజం. బర్మింగ్‌హామ్ పనివాళ్ల తుపాకులు లండన్‌లోనూ పరీక్షకు వెళ్లాయి. అందుకే ముద్ర ఒక్కటే చాలదు, నంబరు కూడా కావాలి. ట్రిగ్గర్ గార్డు తోక మీద, గొట్టాల మీద, ముందరి చెక్కకున్న ఇనుము మీద ఒకే నంబరు ఉండాలి. తేడా వస్తే గొట్టాలు మార్చారనే అనుమానించాలి.

రికార్డుగది: నంబరు దొరికితే సగం పని అయినట్టే. పాత లైసెన్సు పుస్తకంలో నంబరు, బోరు, రకం రాసి ఉంటాయి. కలెక్టరేట్ ఆయుధాల విభాగంలో ఆ నంబరుతో అడగండి. హైదరాబాద్ సంస్థానం కాలం నాటిదైతే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనూ వెతకాలి. ఒక్కటి మాత్రం వేడుకుంటున్నా: అక్షరాలు కనబడాలని గరుకు కాగితంతో రుద్దకండి. ముద్ర అరిగితే ఆధారమే పోతుంది. పైగా నంబరు చెరపడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. పలుచని నూనె గుడ్డతో తుడిచి, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేయండి. పలుచని కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దినా అచ్చు దిగుతుంది.

గట్టుమీద: వందేళ్లు దాటితే పురాతన వస్తువే కదా, లైసెన్సు గొడవ ఉండదేమో?

రికార్డుగది: వయసుతో పని లేదండీ. ఆ చట్టం 45వ సెక్షన్‌లోని మినహాయింపు, మరమ్మతు చేసినా పేలని ఆయుధానికే. పన్నెండు బోరు తూటా ఇప్పటికీ దొరుకుతోంది. వారసుడు లైసెన్సు తెచ్చుకునేదాకా అది డీలరు దగ్గరే ఉండాలి.

గొట్టంకింద: లైసెన్సు వచ్చాక కూడా పేల్చే ముందు చూడండి. "నైట్రో ప్రూఫ్" (పొగలేని మందుతో చేసిన పరీక్ష) గుర్తు మాటల్లో గానీ, ఎన్.పి. లాంటి ముద్రగా గానీ లేకపోతే ఆ గొట్టాలు నల్లమందుకే పరీక్షించినవనుకోవాలి. తూటా గది రెండున్నర అంగుళాలైతే రెండు ముప్పావు అంగుళాల తూటా పట్టినట్టే ఉంటుంది కానీ, పేలేటప్పుడు దాని మూతి తెరుచుకునే జాగా చాలక ఒత్తిడి పెరుగుతుంది.