ఫోన్ నుంచి టీవీకి: వైర్‌లెస్సే బాగుచేసుకోవాలా, వైరు గుంజాలా?

పానగల్ పోరడు:
మాది నల్లగొండ పక్కన పాత ఇల్లు, రాతి గోడలు. రౌటర్ ముందర అర్రలో, టీవీ వెనక హాల్లో. చెల్లె పెళ్లి వీడియో నా ఫోన్‌లో ఉంది. చుట్టాలు వచ్చినప్పుడు టీవీలో వేస్తే, సరిగ్గా తాళి కట్టే దగ్గర ఆగి గుండ్రంగా తిరుగుతుంది. తమ్ముడు కొత్త రౌటర్ కొనమంటాడు. బావేమో "గాలిలో వచ్చేదాన్ని నమ్మొద్దు, ఫోన్‌కు హెచ్‌డీఎంఐ వైరు పెట్టు" అంటాడు. ఎవరి మాట వినాలి?

వైరే దిక్కు:
మీ బావ మాటే. వైరుకు గోడలు అడ్డం రావు, పాస్‌వర్డ్ అడగదు. ఇంకేం చర్చ?

మెట్టుగడ్డ మెకానిక్:
పైసలు పెట్టే ముందు ఏ బటన్ నొక్కుతున్నారో చెప్పండి. మా షాపుకు వచ్చే లొల్లి సగం అక్కడిదే. స్క్రీన్ మిర్రరింగ్ నొక్కితే ఫోన్ తన తెర మీది ప్రతి బొమ్మనూ అప్పటికప్పుడు కుదించి టీవీకి పంపాలి. ఫోన్ వేడెక్కుతుంది, ఛార్జింగ్ దిగిపోతుంది, మధ్యలో వచ్చిన వాట్సాప్ మెసేజ్ చుట్టాలందరూ చదువుతారు.

యూట్యూబ్‌లో పైన కనిపించే క్యాస్ట్ బటన్ సంగతి వేరు. 2013లో టీవీకి గుచ్చే గూగుల్ పరికరం క్రోమ్‌కాస్ట్‌తో అందరికీ అలవాటైన పద్ధతి అది. ఫోన్ "ఫలానా వీడియో" అని టీవీకి చెబుతుంది, అంతే. ఆ తర్వాత టీవీయే నేరుగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఫోన్ అప్పుడు ఉత్త రిమోట్.

కానీ మీ పెళ్లి వీడియో నెట్‌లో లేదు, ఫోన్‌లోనే ఉంది. వీఎల్‌సీ లాంటి యాప్‌తో క్యాస్ట్ చేసినా ఫోన్ నుంచి రౌటర్‌కు ఒకసారి, రౌటర్ నుంచి టీవీకి ఇంకోసారి, అదే వైఫై మీద పోవాలి. ఇరుకు సందులో రెండు ట్రాక్టర్లు ఎదురొచ్చినట్టు ఉంటుంది. దానికి తోడు మీ రాతి గోడ.

వైరే దిక్కు:
అందుకే కదా వైరు అన్నది!

మెట్టుగడ్డ మెకానిక్:
అన్నా, ఏ ఫోన్‌కు? టైప్-సి రంధ్రం ఉన్న ప్రతి ఫోనూ టీవీకి బొమ్మ పంపదు. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు, ఛార్జింగ్, ఫైళ్లు ఎక్కించడం వరకే. కేబుల్ కొన్నాక "టీవీలో ఏం వస్తలేదు" అని తెచ్చి నా కౌంటర్ మీద పెడతారు. ముందు ఫోన్ మోడల్‌కు డిస్‌ప్లే అవుట్ ఉందో లేదో చూసుకోండి.

గద్వాల కోట:
ఒక్క పెళ్లి వీడియో కోసం ఇంత అవసరమా? పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీ వెనక గుచ్చండి.

పానగల్ పోరడు:
అదీ అయింది. కాపీ సగంలో "ఫైల్ చాలా పెద్దది" అని ఆగిపోయింది. పెన్‌డ్రైవ్‌లో చోటు బోలెడు ఉంది.

గద్వాల కోట:
అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటుంది. ఒక్కో ఫైల్ 4 జీబీ దాటితే తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చండి. మార్చితే అందులో ఉన్నవన్నీ పోతాయి, ముందే వేరే దగ్గర దాచుకోండి. కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్ చదవవు, అప్పుడు వీడియోనే రెండు ముక్కలు చేయాలి.

అమ్రాబాద్ టీచరమ్మ:
అందరూ మిర్రరింగ్‌ను తిడుతున్నారు. మా బడి నల్లమల అంచున ఉంది, సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేదు. మీ క్యాస్ట్ బటన్‌తో యూట్యూబ్ పాఠం వేయాలంటే టీవీకే నెట్ కావాలి. నేను ఇంటి దగ్గర పాఠాలు డౌన్‌లోడ్ చేసుకుని వస్తా, మిరాకాస్ట్ అనే మిర్రరింగ్ పద్ధతితో పిల్లలకు చూపిస్తా. దానికి రౌటర్ వద్దు, నెట్ వద్దు, ఫోన్, టీవీ నేరుగా మాట్లాడుకుంటాయి. 2012 నుంచి ఉన్న పద్ధతే. బొమ్మ కొంచెం వెనకబడుతుంది, పాఠానికి దానితో ఏం నష్టం?

మెట్టుగడ్డ మెకానిక్:
అక్కా, మీ దగ్గర అదే కరెక్టు, కాదనను. కానీ అన్ని ఫోన్లలో మిరాకాస్ట్ లేదు, గూగుల్ తన పిక్సెల్ ఫోన్లకు అది ఇవ్వలేదు. కొన్ని ఓటీటీ యాప్‌లైతే మిర్రరింగ్‌లో మాట వినిపించి తెర మాత్రం నల్లగా పెడతాయి, కాపీ కాకుండా తాళం అది. బడికి కొత్త ఫోన్ కొనేటప్పుడు ఇది చూసుకోండి.

వనపర్తి చెరువుకట్ట:
రౌటర్ మార్చమన్న తమ్ముడి మాటలోనూ కొంత నిజం ఉంది, కానీ కొత్తదైనా అదే అర్రలో పెడితే లాభం లేదు. వైఫై రెండు బ్యాండ్లలో పోతుంది: 5 గిగాహెర్ట్జ్ వేగంగా పోతుంది, గోడ దాటేసరికి నీరసిస్తుంది. 2.4 గోడను కాస్త మెరుగ్గా దాటుతుంది కానీ అందులో పక్కింటి వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ అన్నీ ఇరుక్కుంటాయి. ఆ 2.4లో ఒకదాని మీద ఒకటి పడని వైఫై ఛానళ్లు 1, 6, 11, ఈ మూడే. పైగా చవక టీవీల్లో 5 పట్టే చిప్ ఉండనే ఉండదు.

మీ బావ వైరు అన్నది సరే, చోటే తప్పు. ఫోన్‌కు కాదు, రౌటర్ నుంచి టీవీకి లాన్ కేబుల్ (నెట్ వైరు) లాగండి. టీవీల లాన్ పోర్టు చాలావాటిలో 100 ఎంబీపీఎస్‌దే, అదీ ఎక్కువే. 4కే సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15. అప్పుడు గాలిలో పోయేది ఫోన్ నుంచి రౌటర్ వరకే. రౌటర్ ఉన్న అర్రలో ఫోన్ పెట్టి ప్లే నొక్కి హాల్లోకి వచ్చి కూర్చోండి.

వైరే దిక్కు:
చివరికి వైరే గెలిచింది, రాసిపెట్టుకోండి.

పానగల్ పోరడు:
లాన్ సంగతి బాగుంది. కానీ రెండు అర్రల మధ్య మూరెడు మందం రాతి గోడ. బొక్క కొట్టనియ్యదు అమ్మ.

వనపర్తి చెరువుకట్ట:
గోడ జోలికి పోకండి. కిటికీ చువ్వల్లోంచి బయటికి తీసి, చూరు కింది నుంచి తిప్పి హాల్ కిటికీలోకి తెండి. 100 మీటర్ల దాకా ఢోకా లేదు. షాపులో అవుట్‌డోర్ క్యాట్6 (లాన్ కేబుల్‌లో ఒక రకం) అని అడగండి, మామూలుది మన ఎండకు తొందరగా పెళుసెక్కుతుంది. కోతులు తిరిగే వాడ అయితే పైపులోంచి తీయండి.