పీసీఐ 2.4 వచ్చింది, రోడ్డు మాత్రం అలా లేదు: సర్వే రిపోర్టు వెనక్కి పంపారు, దారి చెప్పండి

ప్రశ్న: కన్సల్టెన్సీ ఫీల్డ్ ఇంజినీర్

అందరికీ నమస్తే. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ఒంగోలు వైపు 42 కి.మీ. రెండు వరుసల బీటీ రోడ్డుకి పేవ్‌మెంట్ కండిషన్ సర్వే చేసి ఇచ్చే సర్వీస్ కాంట్రాక్టు మా కంపెనీకి వచ్చింది. టీఓఆర్‌లో (పని పరిధి చెప్పే పత్రం) దీని గురించి ఒకే వాక్యం ఉంది: "పీసీఐ ఆధారంగా రోడ్డు స్థితి అంచనా వేసి నివేదిక ఇవ్వాలి." పీసీఐ అంటే పేవ్‌మెంట్ కండిషన్ ఇండెక్స్, రోడ్డు ఎంత బాగుందో చెప్పే మార్కు.

కారులో తిరిగి చూసిన టీమ్ 4 వేసింది. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ చూసే అబ్బాయి అదే రోడ్డుకి 61 తెచ్చాడు. నేను ఐఆర్‌సీ 82 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి తారు రోడ్ల నిర్వహణ కోడ్) ప్రకారం కిలోమీటరుకో లెక్క వేస్తే మొత్తానికి సగటు 2.4 వచ్చింది, అంటే గుడ్. అదే రిపోర్టులో పెట్టాం. 17వ కిలోమీటరు చూసి ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ (ఈఈ) గారు రిపోర్టు తిప్పి పంపారు. ఆ కిలోమీటరు మా లెక్కలో ఫెయిర్. ఆయన మాత్రం "ఇక్కడ రోడ్డే లేదు కదమ్మా" అన్నారు. రెండో విడత బిల్లు ఆగిపోయింది. మూడు రోజులుగా ఒకటే టెన్షన్. ఈ మూడు నంబర్లలో ఏది సరైనది? మళ్లీ మొత్తం సర్వే చేయాలా?

జవాబు: రిటైర్డ్ డీఈఈ

అమ్మా, ముందు కంగారు తగ్గించుకో. ఆ మూడు నంబర్లూ మూడు వేర్వేరు కొలబద్దలతో వచ్చినవి. మూడింటినీ పీసీఐ అనే పిలుస్తారు, అసలు తంటా అక్కడే ఉంది.

మీ కారు టీమ్ వేసిన 4 గ్రామీణ సడక్ యోజన రోడ్లకు వాడే 1 నుంచి 5 స్కేలు. మామూలుగా బండి ఎంత వేగంతో పోగలదో చూసి వేసే మార్కు అది. గంటకు 40 కి.మీ. దాటి పోగలిగితే 5, 30 నుంచి 40 మధ్య అయితే 4, అలా దిగుతూ 10 లోపు అయితే 1. ఊళ్ల రోడ్లు వేల సంఖ్యలో ఉన్నప్పుడు ఏది ముందు బాగుచేయాలో తేల్చడానికి అది సరిపోతుంది. ఓవర్‌లే, అంటే పాత రోడ్డు మీద వేసే కొత్త తారు పొర, ఎస్టిమేటుకి ఆధారం కాదు.

61 అనేది అమెరికా పద్ధతి, ఏఎస్‌టీఎం డీ6433. అందులో 100 నుంచి మొదలుపెట్టి, కనిపించిన ప్రతి లోపానికీ దాని తీవ్రతను బట్టి మార్కులు కోస్తూ పోతారు. 55 నుంచి 70 మధ్య ఉంటే ఫెయిర్. శాంపిల్ యూనిట్ 225 చదరపు మీటర్లు, అటూ ఇటూ 90. మీ 7 మీటర్ల రోడ్డు మీద అది సుమారు 32 మీటర్ల పొడవు. మీ అబ్బాయి యూనిట్ ఎంత తీసుకున్నాడో అడుగు. కిలోమీటరంతా ఒకే యూనిట్‌గా వేసి ఉంటే ఆ 61కి అర్థం లేదు.

మూడోది 2015లో సవరించిన ఐఆర్‌సీ 82. పగుళ్లు, కంకర లేవడం, గుంతలు, ప్యాచ్‌లు, కుంగడం, రట్టింగ్ (చక్రాల దారిలో పడే గాడి) లాంటివి విడివిడిగా కొలిచి, 1 నుంచి 3 మధ్య రేటింగ్ వేసి, వాటి ప్రాధాన్యాన్ని బట్టి కలుపుతారు. మన దేశంలో రోడ్డు నిర్వహణ పనికి నువ్వు పట్టుకోవాల్సింది ఇదే. హైవేల పట్టిక, జిల్లా రోడ్లూ గ్రామీణ రోడ్ల పట్టిక, పట్టణ రోడ్ల పట్టిక వేరువేరు. నీ రోడ్డుకి హైవే పట్టికే వాడావా, ఒకసారి సరిచూసుకో.

ఇంకోటి. నా సర్వీసులో చాలామంది కుర్రాళ్లు ఇక్కడే తడబడ్డారు. చక్రాల దారిలో రట్ లోతు 12 మి.మీ. వచ్చిందనుకో. ఐఆర్‌సీ 82 హైవే పట్టికలో 10 దాటింది కాబట్టి పూర్. ఐఆర్‌సీ 81 తెరిస్తే 10 నుంచి 20 మధ్య ఫెయిర్ అని ఉంటుంది. రెండూ తప్పు కావు. 81లో ఉన్న విభజన బెంకెల్‌మన్ బీమ్ పరీక్షకి (లారీ బరువుకి రోడ్డు ఎంత వంగుతుందో చూసేది) ముందు రోడ్డును ఒకే తరహా ముక్కలుగా విడగొట్టుకోవడానికి. 82లో ఉన్నది నిర్వహణకి. ఒకే రిపోర్టులో రెండిటినీ కలిపితే చెక్ చేసేవాడికి ఏమీ అర్థం కాదు.

జవాబు: సర్వే వాహనం టీమ్ నుంచి

మేడమ్, మాది లేజర్ బండి. మీ 17వ కిలోమీటరు ఎందుకు ఫెయిర్‌లోకి వచ్చిందో ఇక్కడి నుంచే ఊహించగలను, సగటు వల్ల. తొమ్మిది వందల మీటర్లలో పగుళ్లు 2%, మిగిలిన వంద మీటర్లలో 45% అనుకోండి. కిలోమీటరు సగటు 6.3%. హైవే పట్టికలో 5 నుంచి 10 ఫెయిర్. లెక్కలో తప్పు లేదు, కానీ రాత్రిపూట బైకు మీద వచ్చేవాడు పడేది ఆ వంద మీటర్లలోనే. దయచేసి వంద మీటర్లకో వరుస పెట్టండి. మీ దగ్గర కిలోమీటరు సగటు తప్ప అసలు ఫీల్డ్ షీట్లు లేకపోతేనే మళ్లీ సర్వే. ఉంటే ఆఫీసులో కూర్చుని సరిచేసుకోవచ్చు.

లేన్లు కూడా విడదీయండి. మీ వైపు గ్రానైట్ బ్లాకుల లారీలు లోడుతో ఒక దిశలోనే వెళ్తాయి, ఖాళీగా రెండో వైపు తిరిగొస్తాయి. లోడు లేన్‌లో రట్టింగ్ ఉండి రెండోది నున్నగా ఉండటం మామూలే. రెండూ కలిపి సగం చేశారంటే లోడు లేన్ కథ మాయమైపోతుంది.

మెషీన్ మీద కూడా గుడ్డి నమ్మకం వద్దు. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. డ్రైవర్ బండిని పక్కకి తిప్పుతాడు. లేజర్ చక్రాల దారి వదిలేసి రోడ్డు మధ్యలో కొలుస్తుంది, రట్ తక్కువ చూపిస్తుంది. తడి రోడ్డు మీదా, చెట్ల నీడలోనూ కెమెరాకి సన్న పగుళ్లు అందవు. మేము అలాంటి చైనేజీలు (రోడ్డు మొదలు నుంచి దూరాలు) లాగ్‌లో రాసి, ఆ ముక్కలు మళ్లీ నడుస్తాం.

ప్రశ్న అడిగినవారు

సర్, బ్రదర్, ఇద్దరికీ చాలా థాంక్స్. ఫీల్డ్ షీట్లు ఉన్నాయి, వంద మీటర్లకే రాశాం. రిపోర్టులో మాత్రం కిలోమీటరుకి మడతపెట్టాను, తప్పు నాదే. ఇప్పుడు 17వ కిలోమీటరు షీట్లు విప్పితే ఇంకో చిక్కు వచ్చింది. ఒక ముక్కలో రోడ్డు అంచు వెంబడి ఒకే పొడవాటి పగులు ఉంది, 90 మీటర్లు. గీతలాంటి పగులుకి విస్తీర్ణం ఎలా వేయాలి?

జవాబు: రిటైర్డ్ డీఈఈ

మంచి చోట ఆగావు. గీత పగులుకి కొంత వెడల్పు ఇచ్చి విస్తీర్ణం చేస్తారు. కొందరు 0.3 మీటరు తీసుకుంటారు, ఇంకొందరు 0.5. నీ ముక్క 100 మీటర్లు, వెడల్పు 7, మొత్తం 700 చదరపు మీటర్లు. 90ని 0.3తో గుణిస్తే 27, అంటే 3.9%. గుడ్. అదే 0.5తో అయితే 45, అంటే 6.4%. ఫెయిర్. రోడ్డు అదే, పగులు అదే, పట్టికలో గడి మారిపోయింది. అందుకే ఏ వెడల్పు తీసుకున్నావో మొదటి పేజీలోనే రాయాలి, క్లయింటు చేత ముందే ఒప్పించుకోవాలి.

అంతకన్నా ముఖ్యం, ఆ పగులు ఎందుకు వచ్చిందో చూడు. అంచు వెంబడి పొడుగ్గా ఉంది, మీది నల్లరేగడి నేల. ఎండాకాలంలో అంచున మట్టి తేమ పోయి కుదించుకుంటుంది, రోడ్డు అంచు దానితోపాటు లాగబడుతుంది. దాని మీద 40 మి.మీ. తారు పొర పరిస్తే మళ్లీ ఎండాకాలానికి అదే గీత పైకి తేలుతుంది. షోల్డరు (తారు పక్కన ఉండే అంచు), నీటి పారుదల చూడకుండా ఓవర్‌లే సిఫార్సు చేయకు.

నేనైతే కుర్రాళ్లని కారు దిగి మోకాళ్ల మీద కూర్చోమనేవాణ్ని. స్ట్రెయిట్ ఎడ్జ్‌ని (వంకర లేని పట్టీ) రోడ్డుకి అడ్డంగా పెట్టి, కింద గేజీ దూర్చి, ఎక్కడ ఎక్కువ లోతుందో వేలితో తడిమి చూసి రాయాలి. ఆ పట్టీ 2 మీటర్లదో 3 మీటర్లదో కూడా రాయి, పొడవును బట్టి లోతు మారుతుంది. పగులు సందులోంచి బూడిద రంగు బురద పైకి వచ్చి ఎండి ఉంటే ఫోటో తీసుకో. కింద పొరల్లోకి నీళ్లు పోతున్నాయని అర్థం.

జవాబు: కాంట్రాక్టులు చూసే ఇంజినీర్

నేను బిల్లు సంగతి చెబుతాను. ఇలాంటి పనుల్లో కష్టం ఫీల్డులో వచ్చినట్టు కనిపిస్తుంది, నిజానికి అది మొదటి నెలలో ఇవ్వాల్సిన ఇన్‌సెప్షన్ రిపోర్టులో మొదలవుతుంది. టీఓఆర్‌లో పీసీఐ అని ఒక్క మాట ఉంటే, ఏ పీసీఐ, ఎంత పొడవు ముక్క, లేన్‌కా మొత్తం వెడల్పుకా, పైపులైన్ కోతలు ప్యాచ్ కింద లెక్కా కాదా, ఇవన్నీ మీరే రాసి ఆమోదం తీసుకోవాలి. అప్పుడు అడగలేదు కాబట్టి ఇప్పుడు ఒక పేజీ మెథడాలజీ నోట్ రాసి, సవరించిన 17వ కిలోమీటరు నమూనా జతచేసి, ఈఈ గారి దగ్గరికి స్వయంగా వెళ్లండి. 42 కిలోమీటర్లు సరిచేశాక కాదు, ముందే వెళ్లండి. నమూనా ఒప్పుకుంటే మిగతా 41కి మళ్లీ గొడవ ఉండదు.

రేటు కిలోమీటరుకా, లేన్ కిలోమీటరుకా అన్నది కూడా చూసుకోండి. రెండు లేన్లు విడిగా కొలిస్తే మీ 42 కాస్తా 84 అవుతుంది. మేము ఒకసారి అది చూడకుండా కోట్ చేసి సగం డబ్బుకి పని చేశాం.

గరుకుదనం కూడా మీ పరిధిలో ఉంటే యూనిట్లు కలపొద్దు. బంప్ ఇంటిగ్రేటర్ (బీఐ, గతుకులు కొలిచే పరికరం) విలువ కిలోమీటరుకి మిల్లీమీటర్లలో, ఐఆర్‌ఐ (అంతర్జాతీయ గరుకుదనం సూచిక) కిలోమీటరుకి మీటర్లలో. ఐఆర్‌ఐని 1.12 ఘాతానికి పెంచి 630తో గుణిస్తే బీఐ వస్తుంది. ఐఆర్‌ఐ 3 అంటే సుమారు 2,150. నేరుగా 3,000 అని రాసేసినవాళ్లను చూశాను.

ప్రశ్న అడిగినవారు

ఇంకొక్క సందేహం. ఓవర్‌లే మందం కూడా సిఫార్సు చేయమంటున్నారు. పైపైన చూసిన రేటింగుతో మందం చెప్పొచ్చా?

జవాబు: రిటైర్డ్ డీఈఈ

చెప్పకూడదమ్మా. రేటింగ్ పై చర్మం సంగతి. మందానికి కింద ఎముక బలం తెలియాలి. ఎఫ్‌డబ్ల్యూడీ (బరువు పడేసి రోడ్డు వంపు కొలిచే యంత్రం) దొరికితే అదే మేలు, ఐఆర్‌సీ 115 ప్రకారం. 300 మి.మీ. ప్లేటు మీద 40 కిలోన్యూటన్ల లోడు పడేసి, వంగిన తీరు నుంచి ఒక్కో పొర బలం రాబడతారు. డిజైనుకి సగటు తీసుకోరు, పదిహేనో పర్సంటైల్ విలువ తీసుకుంటారు, అంటే వందలో పదిహేను కొలతలే దానికన్నా తక్కువ ఉంటాయి.

బెంకెల్‌మన్ బీమ్ అయితే లారీ వెనక ఇరుసు మీద 8,170 కిలోలు ఉండాలి. డ్రైవర్ మాట నమ్మకుండా కాటా దగ్గర వెనక ఇరుసు ఒక్కటే ఎక్కించి తూయించి, చీటీ రిపోర్టులో పెట్టు. రోడ్డులో 45 మి.మీ. లోతు రంధ్రం వేసి గ్లిజరాల్ పోసి గంటకోసారి ఉష్ణోగ్రత చూడాలి. ప్రామాణికం 35 డిగ్రీలు. 42 ఉంటే డిగ్రీకి 0.01 చొప్పున 0.07 మి.మీ. తీసేయాలి. వర్షాలు తగ్గిన వెంటనే చేస్తే నేల బలహీనంగా ఉన్నప్పటి అసలు విలువ దొరుకుతుంది. వేసవిలో చేస్తే తేమ సవరణ తప్పనిసరి. చివర్లో రాష్ట్ర రహదారికి సగటుకి రెండు ప్రామాణిక విచలనాలు కలుపు, ఒకటి కాదు. సగటు 0.9, విచలనం 0.2 అయితే 1.3 వస్తుంది, ఒకటే కలిపితే 1.1. ఆ తేడాలోనే తారు మందం ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు, నాలుగు రోజుల తర్వాత

అప్‌డేట్ ఇస్తున్నాను. మెథడాలజీ నోట్, 17వ కిలోమీటరు కొత్త షీటు తీసుకుని ఈఈ గారిని కలిశాను. ఆ కిలోమీటరులో 600 నుంచి 700 మీటర్ల దాకా ఎర్రగా చూపించిన గడి చూసి, "ఇదే నేను చెప్పింది" అన్నారు. నోట్ మీద సంతకం పెట్టారు. పగులు వెడల్పు 0.3 అని ఆయనే రాయించారు.

తర్వాత ఆ వంద మీటర్లకి నడిచి వెళ్లాం. పక్కన చిన్న కల్వర్టు ఉంది, మా షీటులో దాని గురించి ఒక్క ముక్క లేదు. పొలంలోకి ట్రాక్టరు దిగడానికి పోసిన మట్టితో దాని నోరు పూర్తిగా మూసుకుపోయింది. నీళ్లు రోడ్డు అడుగునే నిలుస్తున్నాయి, పగుళ్లలో బూడిద రంగు బురద సర్ చెప్పినట్టే ఉంది. సిఫార్సులో మొదటి వరుసలో కల్వర్టు పూడిక తీయడం రాశాం, తారు ఆ తర్వాత. ఇలాంటి ఎర్ర గడులు మొత్తం రోడ్డు మీద ఇంకా ఎనిమిది వచ్చాయి. రేపు పొద్దున్నే ఆరు గంటలకి, లారీలు మొదలయ్యేలోపు, వాటికి బయల్దేరుతున్నాం. షీటులో కొత్తగా ఒక గడి కలిపాను: "నీళ్లు ఎటు పోతున్నాయి."