కొండ అడవుల్లో ‘బొగ్గు నిల్వలు’?

విజయవాడలో ప్రూఫులు దిద్దే పని నాది. నిన్న ఒక వ్యాసం వచ్చింది. శీర్షిక: ‘కొండ అడవుల్లో అపార బొగ్గు నిల్వలు’. చదవగానే సింగరేణి గుర్తొచ్చింది. తీరా లోపలున్నది చెట్లలో, నేలలో చేరిన కార్బన్ సంగతి. బొగ్గు తీసేసి కర్బనం పెట్టాను. కానీ స్టాక్‌కీ (ఇప్పటికే పోగై ఉన్న కర్బనం), సీక్వెస్ట్రేషన్‌కీ (గాలిలోంచి కొత్తగా పట్టి దాచుకోవడం) రచయిత ‘నిల్వ’ అనే రాశారు. రెండోదానికి ఏం రాయమంటారు?

> మా బడి పుస్తకాల్లో కార్బన్ డయాక్సైడ్ అంటే బొగ్గుపులుసు వాయువే. ఆ అలవాటే ఆయన చేత బొగ్గు రాయించి ఉంటుంది, పాపం.

> గుంటూరు నుంచి. కర్బనం అని మార్చి మంచి పని చేశారండీ. అది మన రైతులకి తెలిసిన మాటే. భూసార పరీక్ష కార్డులో ‘సేంద్రియ కర్బనం’ అని ఉంటుంది. 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. (నల్లరేగడి నలుపు చూసి కర్బనం దండిగా ఉందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రంగుని బట్టి చెప్పలేం, పరీక్ష చేయించాల్సిందే.)
>
> ఇక నిల్వ. మా మిర్చి యార్డులో ఎవర్నడిగినా చెబుతారు, ఇవాళ వచ్చిన సరుకు వేరు, కోల్డ్ స్టోరేజీల్లో ఉన్న స్టాకు వేరు. అడవి లెక్కా అంతే. పాత అడవిలో నిల్వ బోలెడుంటుంది, ఏటా కొత్తగా చేరేది కొంచెమే కావచ్చు. ఎదిగే వయసులో ఉన్న తోటలో నిల్వ తక్కువ, చేరిక జోరు. కాబట్టి స్టాక్‌కి ‘నిల్వ’ ఉంచేసి, సీక్వెస్ట్రేషన్‌కి ‘ఒడిసిపట్టడం’ రాయండి. వాన నీటికి రోజూ వాడుతున్న మాటేగా.

> స్థిరీకరణ అంటే సరిపోదా?

> సరిపోదండీ. ఆకు ఎండలో గాలిలోని కర్బనాన్ని చక్కెరగా మార్చడం వరకే స్థిరీకరణ. అలా పట్టినదాంట్లో దాదాపు సగం చెట్టు శ్వాసలోనే తిరిగి గాలిలో కలిసిపోతుంది. మిగిలి, కలపలోనో నేలలోనో ఏళ్ల తరబడి ఉండిపోయేదే ఒడిసిపట్టినట్టు లెక్క.

వ్యాసంలో ‘చెట్లే కర్బన భాండాగారాలు’ అని కూడా ఉంది. దీన్ని ఉంచమంటారా?

> ‘చెట్లే’లో ఆ ఏకారం తీసేయండి. ఎండిన కలప బరువులో సుమారు సగం కర్బనమే, కాదనను. కానీ భారత అటవీ సర్వే సంస్థ లెక్కల్లో మన దేశపు అడవుల కర్బనంలో సగానికి పైగా నేలలోనే ఉంది. ఎత్తైన కొండల మీద చలికి చెట్టు నెమ్మదిగా పెరుగుతుంది, రాలిన ఆకు కుళ్లడం ఇంకా నెమ్మది. వేళ్లు, ఆకులు సగం చివికి మట్టిలో అలాగే పేరుకుంటాయి. చెట్లు పొట్టివే అయినా కింద నల్లటి మెత్తటి మట్టి మందంగా ఉంటుంది. వాలు మీద అడవి కొట్టేస్తే ఎండ సూటిగా తగిలి కుళ్లడం పెరుగుతుంది, వానకి పైమట్టి జారిపోతుంది. వ్యాసంలో ఇది లేకపోతే రచయితని అడిగి ఒక పేరా రాయించండి.

అడుగుతాను. ఇంకొకటి, లిట్టర్‌కి, అంటే అడవి నేల మీద రాలిపడినవాటికి, ‘చెత్త’ అని రాశారు.

> అయ్యో, మునిసిపాలిటీ బండి వస్తుంది! ‘ఆకూ అలమూ’ అనండి, సన్న పుల్లలు కూడా అందులోకే వస్తాయి. పడిపోయిన మానుల్ని మాత్రం కలపకండి, వాటికి ‘ఎండు కలప’ అని లెక్కలో వేరే పద్దు ఉంది.