17 ÷ 5 = 3 శే 2: ఈ సమాన గుర్తు ఒప్పా, తప్పా?

పలకాబలపం:
నాలుగో తరగతి నోటుపుస్తకాల్లో 17 ÷ 5 = 3 శే 2 (శే అంటే శేషం) అని రాయించడం మామూలే. పై తరగతుల టీచర్లలో కొందరు ఆ సమాన గుర్తే తప్పనీ, 17 = 5 × 3 + 2 అని రాయించాలనీ అంటున్నారు. పిల్లలకు ఏది అలవాటు చేయాలి? కారణంతో సహా చెప్పండి.

గణితం సార్:
తప్పే. 11 ÷ 3 చేసినా 3 శే 2 వస్తుంది. ఆ గుర్తు నిజంగా సమానమని చెబుతుంటే 17 ÷ 5, 11 ÷ 3 ఒకటే కావాలి. కానీ మొదటిది 3.4, రెండోది మూడుం మూడింట రెండు వంతులు. "గుర్తు పక్కన జవాబు వేసెయ్" అన్న అలవాటు ఇక్కడే మొదలవుతుంది. 8 + 4 = □ + 5 అని ఇస్తే పెట్టెలో 7 బదులు 12 వేసేది ఈ అలవాటుతోనే.

చిన్నతరగతుల టీచర్:
సార్, సమీకరణం రాస్తే సరిపోతుందా? 17 = 5 × 2 + 7 కూడా నిజమే కదా! సమానత్వంలో లోపం లేదు, భాగహారం మాత్రం తప్పు. శేషం విభాజకం కన్నా చిన్నదిగా ఉండాలన్న షరతే భాగహారానికి ప్రాణం. గుర్తు మార్చినంత మాత్రాన అది పిల్లలకు పట్టుబడదు.

అసలు మార్కులు పోయేది ఇంకో చోట. 4238 ÷ 7 చూడండి. 42లో 7 ఆరుసార్లు, మిగిలింది 0. 3 దించాలి. 3లో 7 పోదు, కాబట్టి భాగఫలంలో 0 వేయాలి. తర్వాత 8 దించితే 38, ఏడు ఐదులు ముప్పై ఐదు, శేషం 3. జవాబు 605 శే 3. "పోదు" అనగానే పిల్లలు భాగఫలంలో ఏమీ వేయకుండా తర్వాతి అంకె దించేస్తారు, 65 శే 3 వస్తుంది. ఒక అంకె దించిన ప్రతిసారీ పైన ఒక అంకె పడాలి, అది సున్నా అయినా సరే. నాలుగో తరగతిలో ఓపికంతా దీని మీద పెట్టాలి.

గణితం సార్:
ఆ తప్పును పట్టిచ్చేది సమీకరణమే కదండీ. 7 × 65 + 3 = 458. 4238 ఎక్కడ, 458 ఎక్కడ! షరతు సంగతి ఒప్పుకుంటున్నాను, కింద "3 < 7" అని ఇంకో వరుస రాయించాలి.

ఎక్కాలపుస్తకం:
సార్ పక్షాన ఇంకో లెక్క. 1700 ÷ 500లో చాలామంది రెండేసి సున్నాలు కొట్టేసి 17 ÷ 5 చేస్తారు, 3 శే 2 అని రాస్తారు. భాగఫలం సరైనదే. శేషం మాత్రం 2 కాదు, 200. 500 × 3 + 2 అంటే 1502 మాత్రమే. కొట్టేసిన సున్నాలను శేషానికి తిరిగి చేర్చాలి. విలువగా 1700 ÷ 500, 17 ÷ 5 రెండూ ఒకటే, శేషాలు మాత్రం వేరు. అందుకే "3 శే 2" అన్నది ఆ విలువకు ఇంకో పేరు కాలేదు.

కోడ్ రాసేవాడు:
జవాబు జంటగా ఉండటం తప్పేమీ కాదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 17 // 5 భాగఫలం 3 ఇస్తుంది, 17 % 5 శేషం 2 ఇస్తుంది. డివ్‌మాడ్ అన్న ఫంక్షన్ రెండిటినీ జంటగా ఇస్తుంది. ÷ గుర్తుకు నాలుగో తరగతిలో ఆ జంట అనే అర్థం, తర్వాత భిన్నం అనే అర్థం. ఏ అర్థంలో వాడుతున్నామో చెబితే గొడవ లేదు. పైగా కొన్ని లెక్కల్లో శేషమే జవాబు. ఈరోజు మంగళవారమైతే 100 రోజుల తర్వాత ఏ వారం? 100 = 7 × 14 + 2, కాబట్టి గురువారం. ఆ 14తో పనే లేదు.

గణితం సార్:
తొమ్మిదేళ్ల పిల్లకు ఒకే గుర్తుకు రెండు అర్థాలు చెప్పి, రెండేళ్లకు మొదటిది మరిచిపొమ్మనడం నాకు న్యాయంగా అనిపించదు.

చిన్నతరగతుల టీచర్:
అయితే సమాన గుర్తు తీసేద్దాం. ప్రశ్నపత్రంలో "17ను 5తో భాగించు. భాగఫలం ___ శేషం ___" అని రెండు ఖాళీలిస్తే చాలు. సరిచూడమన్న వరుసలో మీ సమీకరణం వస్తుంది. దీనికి నాకు అభ్యంతరం లేదు.

ఎక్కాలపుస్తకం:
ఖాళీలు బాగున్నాయి, కానీ రాత లెక్కల్లో ఆ రెండు అంకెలతో ఆగకూడదు. 130 మందికి 40 సీట్ల బస్సులు ఎన్ని కావాలంటే భాగఫలం 3, శేషం 10, జవాబు 4 బస్సులు. 130 రూపాయలతో 40 రూపాయల పుస్తకాలు ఎన్ని కొనొచ్చంటే జవాబు 3. 17 మీటర్ల తాడును 5 సమాన ముక్కలు చేయాలంటే శేషమే ఉండదు, ఒక్కో ముక్క 3 మీటర్ల 40 సెంటీమీటర్లు. అందుకని మూడో ఖాళీ కూడా పెట్టండి: "జవాబు ___", పక్కన ప్రమాణం.