షెపర్డ్ ఉన్న ఇంటికి ఐదు కిలోల షిట్జు వస్తోంది, రెండిటినీ ఎలా కలపాలి?

షేరూ వాళ్ళమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడేళ్ళ జర్మన్ షెపర్డ్ ఉన్నాడు. పేరు షేరూ, బరువు 36 కిలోలు. వచ్చే నెల నుంచి మా అమ్మ మా దగ్గరే ఉండబోతోంది. అమ్మతో పాటు పింకీ కూడా వస్తుంది. పింకీ అంటే ఆరేళ్ళ షిట్జు, ఆడ కుక్క, ఐదు కిలోలు. పింకీని వదిలి అమ్మ రాదు. వదిలి రమ్మని నేను అడగను కూడా.

షేరూ మనుషులతో బంగారం. పిల్లలు చెవులు లాగినా లేచి పక్కకి వెళ్ళిపోతాడే తప్ప ఏమీ అనడు. కానీ పిల్లి గానీ ఉడుత గానీ కనబడిందా, ఇక నా చెయ్యి ఊడిపోవాల్సిందే. తన సైజు కుక్కలతో బాగానే ఆడతాడు. మరీ చిన్న కుక్కతో ఇప్పటిదాకా కలవలేదు. పింకీ సంగతి వేరు. దాని జీవితమంతా అమ్మ ఒళ్ళోనే గడిచింది. ఏ కుక్క దగ్గరికొచ్చినా కీచుగా అరుస్తూ మీదికెళ్తుంది. చూసినవాళ్ళు నవ్వుతారు, అమ్మ ఎత్తుకుంటుంది, అంతటితో సరి.

షేరూ కోపంతో కరుస్తాడని కాదు నా భయం. ఆటలో ఒక కాలు గట్టిగా వేసినా పింకీ తట్టుకోలేదు. రెండిటికీ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కూడా కాలేదు. "కుక్కలే కదమ్మా, నాలుగు రోజులు పోట్లాడుకుని అవే సర్దుకుంటాయి" అంటోంది అమ్మ. నాకేమో టెన్షన్‌గా ఉంది. మాకు హాలు, రెండు గదులు, వెనక కాస్త ఖాళీ స్థలం ఉన్నాయి. ఇలా కలిపి పెంచుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పరూ?

పగ్ వాళ్ళ నాన్న

ఇంత భయం అక్కర్లేదండీ. మా ఇంట్లో లాబ్రడార్, పగ్ ఉన్నాయి. రెండూ ఒకే పరుపు మీద పడుకుంటాయి. పైగా పెత్తనమంతా పగ్‌దే! పింకీ దుప్పటి ఒకటి ముందుగా తెప్పించి షేరూ పడుకునే చోట వేయండి, షేరూది అక్కడికి పంపండి. వాసన ముందే అలవాటైతే సగం పని అయిపోయినట్టే. మిగతాది అమ్మగారు చెప్పినట్టు అవే చూసుకుంటాయి.

గజ, బుజ్జిల ఇల్లు

దుప్పటి సలహా మంచిదే, చేయండి. ఆ చివరి వాక్యం మాత్రం నేను ఒప్పుకోను. లాబ్రడార్, పగ్ చిన్నప్పటి నుంచి కలిసి పెరిగి ఉంటే అది వేరే కథ. మీ ఇంట్లో కలవబోయేవి పూర్తిగా ఎదిగిన రెండు కుక్కలు. అందులో ఒకదానికి పరిగెత్తే చిన్న ప్రాణి కనబడితే ఒళ్ళు తెలియదు. రెండోది కీచుమంటుంది. ఈ రెండూ కలిస్తేనే ప్రమాదం.

మా ఇంట్లో గజ అని గ్రేట్ డేన్ ఉన్నాడు, 60 కిలోల పైమాటే. బుజ్జి డాక్స్‌హండ్, ఎనిమిది కిలోలు. ఏళ్ళ తరబడి కలిసే ఉన్నాయి, ఒకదాన్ని విడిచి ఒకటి నిద్రపోవు. అయినా మేం బయటికి వెళ్తే ఈ రోజుకీ వాటి మధ్య తలుపు వేసే వెళ్తాం. "ఇంత స్నేహంగా ఉంటే ఇదేం చాదస్తం" అని చుట్టాలు ఆటపట్టిస్తారు. పట్టించనివ్వండి. బరువులో ఏడు రెట్ల తేడా ఉన్నచోట రెండిటికీ ఎంత ప్రేముందన్నది నేను లెక్కలోకి తీసుకోను. ప్రేమగా మీద పడినా విరిగేది చిన్నదాని ఎముకే.

కుక్క వేటలో ఒక వరుస ఉంటుంది. చూపు నిలపడం, పొంచడం, వెంటాడటం, పట్టుకోవడం, నోట్లో పెట్టుకుని విదిలించడం. షెపర్డ్‌ని మందలు కాయడానికి తయారు చేశారు కాబట్టి ఆ వరుసలో మొదటి భాగం వాటికి రక్తంలోనే ఉంది. చిన్న కుక్క భయపడి కీచుమంటూ పరుగు తీస్తే, అప్పటిదాకా దానితో ఆడుకున్న పెద్ద కుక్క కూడా ఒక్క క్షణంలో వేటలోకి జారిపోవచ్చు. అది కోపం కాదు కాబట్టి ముందుగా గుర్రుమనడం, పళ్ళు చూపడం ఏమీ ఉండవు. "నిన్నటిదాకా బాగానే ఉన్నాయి" అని జనం చెప్పే కథల్లో చాలావాటి వెనక ఉండేది ఇదే.

మొదటి పరిచయం ఇంట్లో పెట్టకండి, గుమ్మం దగ్గర అసలే వద్దు. రెండిటికీ కొత్తదైన విశాలమైన చోటికి తీసుకెళ్ళండి. షేరూని మీరు, పింకీని ఇంకొకరు పట్టుకుని, మధ్యలో బాగా ఎడం ఉంచి ఒకే దిక్కుగా నడవండి. ముక్కులు కలపాలన్న తొందర వద్దు. షేరూ పింకీని చూస్తున్నప్పుడు పేరు పెట్టి పిలవండి. మీ వైపు తిరిగితే బహుమతిగా ఏదైనా తినిపించి, ఎడం కాస్త తగ్గించండి. నోరు మూసుకుని, ఒళ్ళు బిగించి, చూపు అతికించినట్టు నిలబడిపోతే ఇంకా దగ్గర్లోనే ఉన్నారని అర్థం, వెనక్కి జరగండి. లీష్ (మెడపట్టీకి తగిలించి పట్టుకునే తాడు) మాత్రం వదులుగా ఉండాలి. మీరు బిగించి పట్టుకుంటే "ఏదో ఉంది" అని వాడూ బిగుసుకుంటాడు. ఇలా కొన్ని రోజులు నడిచాకే ఇంట్లోకి, అదీ కలిసి లోపలికి నడిచి.

ఇంట్లో చిన్నపిల్లలకి పెట్టే అడ్డుగేటు ఒకటి కొనండి. చువ్వల సందుల్లోంచి పింకీ దూరకుండా చూసుకోండి. షెపర్డ్ తలచుకుంటే మామూలు ఎత్తు గేటు దూకేస్తాడు, అందుకే మొదట్లో గేటు ఉన్నా షేరూకి లీష్ ఉండాలి. పింకీ చొరబడగలిగి షేరూ పట్టని చోటు ఒకటి ఇంట్లో ఉండి తీరాలి. మా బుజ్జికి మంచం కింద ఒక మూల ఉంది. గజ అక్కడ ముక్కు పెట్టి నిట్టూర్చడం తప్ప ఏమీ చేయలేడు.

మీ అమ్మగారితో మాట్లాడాల్సిన విషయం ఒకటుంది, ఎత్తుకోవడం. పింకీ అరవగానే ఎత్తుకుంటే దాని కాళ్ళు గాల్లో వేలాడతాయి. షేరూకి అది ఎగిరి అందుకోమని పిలిచినట్టే. 36 కిలోలు మీదికి ఎగిరితే పింకీ సంగతి తర్వాత, అమ్మగారే కింద పడతారు. ఎత్తుకునే బదులు షేరూకీ పింకీకీ మధ్య అడ్డంగా నిలబడి, షేరూని పక్కకి పంపడం నేర్చుకోమనండి. కష్టమే, అలవాటు కదా. చివరికి మా అత్తగారు కూడా నేర్చుకున్నారు, అంతకన్నా ఏం చెప్పను.

తిండి వేర్వేరు గదుల్లో పెట్టండి, తలుపు మూసి. తినగానే గిన్నెలు తీసేయండి. పోటీ పడి గబగబా మింగితే షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో కడుపు ఉబ్బి మెలి తిరిగే ప్రమాదం ఉంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది. ఇంకోటి, పింకీ ఆడుకునే చిన్న బంతులన్నీ ఇంట్లోంచి పంపించేయండి. అవి సరిగ్గా షేరూ గొంతుకి అడ్డం పడే సైజు.

ఆట మొదలయ్యాక ఏది ఆటో ఏది కాదో తెలియకపోతే పెద్దదాన్ని పట్టుకుని ఆపండి. చిన్నది తిరిగొచ్చి ముందు కాళ్ళు వంచి పిలిస్తే ఆటే. సందు దొరికిందని జారుకుంటే, పాపం, ఇంతసేపూ ఓర్చుకుందన్నమాట.

షేరూ వాళ్ళమ్మ

ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్ అండి. అమ్మకి చదివి వినిపించాను. ఎత్తుకోవడం దగ్గర కాస్త ముఖం ముడుచుకుంది గానీ వింది. రెండు సందేహాలు. పింకీ గుర్రుమంటే ఆపమని గద్దించాలా? ఆపరేషన్ సంగతి తర్వాత చూసుకోవచ్చా? ఆరేళ్ళ వయసులో ఎందుకు అంటోంది అమ్మ.

జంతు ఆసుపత్రి నుంచి

రెండో దానికి నేను చెప్తాను, రోజూ చూసే విషయం కాబట్టి. తర్వాత చూసుకుందాం అనకండి. పింకీ ఏడాదికి రెండుసార్లు ఎదకి వస్తుందనుకోండి, వచ్చిన ప్రతిసారీ దాదాపు మూడు వారాలు షేరూకి తిండి ఉండదు, నిద్ర ఉండదు, తలుపులు ఉండవు. జత కట్టడంలోనే పింకీకి గాయాలు కావచ్చు. కడుపు నిలిస్తే పిల్లలు తల్లి సైజుకి మించి పెరిగి కాన్పు కష్టం కావచ్చు, అప్పుడు కోసి తీయడమే గతి. ఇవేవీ జరగకపోయినా, ఆపరేషన్ కాని ఆడ కుక్కల్లో వయసు పెరిగేకొద్దీ గర్భాశయంలో చీము పట్టడం చాలా మామూలు. ఆరేళ్ళు ఎక్కువ వయసేం కాదు. ముందు రక్త పరీక్ష చేయించి, డాక్టర్ సరేనంటే చేయించేయండి. షేరూకి మాత్రమే చేయిస్తే ఆ తర్వాత కూడా కొన్ని వారాలు వాడి వల్ల కడుపు నిలవొచ్చు, గుర్తుంచుకోండి.

షిట్జు అన్నారు కాబట్టి కన్ను గురించి చెప్పాలి. షిట్జు, పగ్, పెకినీస్ జాతులకి కంటి గుంత లోతు తక్కువ. పెద్ద కుక్క మెడ వెనక పట్టుకుని లాగినా, పంజాతో తల మీద కొట్టినా కనుగుడ్డు ముందుకి ఊడి రావచ్చు. అలా అయితే లోపలికి నొక్కకండి. శుభ్రమైన గుడ్డ నీళ్ళలో తడిపి కన్ను ఆరకుండా కప్పి, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి.

కాటు పడితే పైన కనబడే చిన్న రంధ్రాన్ని చూసి మోసపోవద్దు. పెద్ద కుక్క విదిలించినప్పుడు చర్మం సాగి మళ్ళీ యథాస్థానానికి వస్తుంది, లోపల కండ చితుకుతుంది, పక్కటెముకలు విరుగుతాయి, ఊపిరితిత్తులకి దెబ్బ తగలొచ్చు. కాసేపు మామూలుగా తిరిగినా సరే, అదే రోజు చూపించాలి.

పిడుదుల మందు బరువుని బట్టి ఉంటుంది. షేరూ ట్యూబులో కొంచెం పింకీకి వేసేవాళ్ళని చూశాను, దయచేసి వద్దు. మెడ మీద వేసే రకమైతే ఆరేదాకా రెండిటినీ విడిగా ఉంచండి, ఒకదాన్నొకటి నాకుతాయి.

గజ, బుజ్జిల ఇల్లు

గుర్రుమనడం గురించి. గద్దించకండి. "దగ్గరికి రాకు" అని చెప్పడానికి దాని దగ్గరున్న మర్యాదైన మాట అదొక్కటే. ఆ మాట నొక్కేస్తే ఈసారి చెప్పకుండా నేరుగా కరుస్తుంది. గుర్రుమంటే షేరూని పక్కకి పిలవండి, పింకీకి చోటివ్వండి.

అలాగని పింకీని ఏమీ అనొద్దని కాదు. చిన్న కుక్కలు చేసే పనులు మనకి నవ్వులాటగా ఉంటాయి. అదే పని షేరూ చేస్తే మనమే గొలుసు వేస్తాం! పింకీ మీదికెళ్ళి షేరూ మూతి కొరుకుతూ ఉంటే, వాడు ఓర్చుకున్నంత కాలం ఓర్చుకుని ఒకరోజు ఒక్కసారి తిరగబడతాడు, అప్పుడు నేరం వాడిదవుతుంది. కూర్చో, రా, వదిలెయ్, ఈ మూడూ పింకీకి కూడా రావాలి. ఆరేళ్ళ కుక్క నేర్చుకోదనేది వట్టి మాట.

పగ్ వాళ్ళ నాన్న

మరీ భయపెడుతున్నారేమో అనిపించింది గానీ, కన్ను విషయం నిజంగా నాకు తెలియదు. మా లాబ్రడార్ పగ్ తలని నోట్లో పెట్టుకుని ఆడుతుంది, ఫొటోలు కూడా తీశాం. ఇవాళ్టి నుంచి ఆ ఆట బంద్.

షేరూ వాళ్ళమ్మ

ఆఖరిగా ఒకటి. మొదటి రోజుల్లో షేరూకి మజిల్, అంటే కరవకుండా మూతికి తొడిగేది, వేయమంటారా?

గజ, బుజ్జిల ఇల్లు

వేయొచ్చు. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్ళు తాగడానికి వీలుండే బుట్టలాంటిదే తీసుకోండి. నోరు కట్టేసే గుడ్డ మజిల్ వద్దు. పింకీ వచ్చాక మొదటిసారి తొడిగితే అది వచ్చినందుకే ఈ శిక్ష అనుకుంటాడు. ఇప్పటి నుంచే బుట్ట లోపల వాడికిష్టమైనది ఏదైనా పెట్టి వాడే మూతి దూర్చేలా అలవాటు చేయండి, నెల టైముంది కదా. అయితే మజిల్ పళ్ళని ఆపుతుంది, పంజాని ఆపదు. పైగా ఆ బుట్టతోనే గుద్దితే పింకీకి గట్టి దెబ్బే తగులుతుంది. కాబట్టి అది ఉన్నా లీష్ చేతిలోంచి వదలొద్దు.