వేడెక్కగానే ఆయిల్ లైటు వెలుగుతోంది: పాత చిన్న డీజిల్ ట్రాక్టరు

పాతదుక్కి:
మూడు సిలిండర్ల చిన్న ట్రాక్టరు. గంటల మీటరు 4,100 దగ్గర ఆగిపోయి చాలా కాలమైంది. ఇంజను చల్లగా ఉంటే స్టార్టవగానే ఆయిల్ లైటు ఆరిపోతుంది. గంటసేపు రోటవేటర్ వేసి ఐడ్లింగుకు తెస్తే మినుకుమినుకుమంటుంది, రేసు కాస్త పెంచితే పోతుంది. ఆయిల్ 15డబ్ల్యూ-40 గ్రేడు, ఫిల్టరు కొత్తదే, లోపల కొట్టుకునే శబ్దం లేదు. లైటు వెలిగించే ఒత్తిడి స్విచ్చును నమ్మవచ్చా? ఆయిల్ పంపు పోయిందని ఎలా తేలుతుంది? ఇంజను దించకుండా సంపు, అంటే అడుగున ఉండే ఆయిల్ తొట్టి, విప్పవచ్చా?

నల్లనేల:
ముందు ట్రాక్టరు ఆపండి. నేనూ రేసు పెంచితే పోతోంది కదా అని పది రోజులు దున్నాను. పదకొండో రోజు ఇంజను దానంతట అదే ఆగిపోయింది, క్రాంకు కదలలేదు. విప్పి చూస్తే రెండో సిలిండరు బిగ్‌ఎండ్ షెల్లు (కనెక్టింగ్ రాడ్డు కింది కొసలోని బేరింగు రేకు) క్రాంకుకు అతుక్కుపోయి ఉంది, జర్నలు (షెల్లులో తిరిగే క్రాంకు భాగం) నీలంగా మాడిపోయింది. శబ్దం లేదని ధైర్యపడకండి. నాకూ చివరి అరగంట వరకు ఏ శబ్దమూ రాలేదు.

వర్క్‌షాపు22:
ఇరవై ఆరేళ్లుగా ఇంజన్లు విప్పుతున్నాను. ఇది చదవగానే తెలిసిపోయింది, బేరింగులు అరిగాయి. పంపు ఆయిల్‌ను తోస్తుందంతే. ఒత్తిడి నిలిచేది షెల్లుకూ జర్నలుకూ మధ్య సందు ఇరుకుగా ఉన్నప్పుడే. సందు పెరిగింది, వేడికి ఆయిల్ పలచబడింది, ఐడ్లింగులో పంపు నెమ్మదిగా తిరుగుతోంది, లైటు వెలిగింది. క్రాంకు సాన పట్టించి, దానికి సరిపోయే 0.25 మిల్లీమీటరు అండర్‌సైజు షెల్లులు వేయించండి. మిగతాదంతా కాలయాపన.

మరచుట్టు:
గేజి పెట్టకుండా క్రాంకు తీయించమనడం అన్యాయం. ఆ స్విచ్చు సుమారు 0.5 కేజీ (చదరపు సెంటీమీటరుకు) దగ్గర మారుతుంది. అసలు ఒత్తిడి 0.4 ఉందో సున్నా ఉందో అది చెప్పలేదు. స్విచ్చు తీసి అక్కడ మెకానికల్ గేజి బిగించండి. ఇంజను బాగా వేడెక్కాక ఐడ్లింగులో ఎంత, పూర్తి రేసులో ఎంత అని రాసుకోండి. చాలా చిన్న డీజిళ్లకు ఐడ్లింగులో 0.5 కేజీకి తగ్గకూడదు, పూర్తి వేగంలో 2 నుంచి 4.5 మధ్య ఉండాలి. మీ మాన్యువల్లో సరిచూసుకోండి. మరలు మాత్రం జాగ్రత్త. జపాన్ ఇంజన్లలో అక్కడ తరచుగా ఎనిమిదో వంతు అంగుళం బీఎస్‌పీటీ (బ్రిటిష్ పైపు మర) ఉంటుంది, గేజి ఫిట్టింగులు ఎక్కువగా ఎన్‌పీటీలో (అమెరికా పైపు మర) వస్తాయి.

దుక్కిసాలు:
మరలకు అంత భయం ఎందుకు? నాలుగు చుట్లు టెఫ్లాన్ టేపు చుట్టి స్పానరుతో బిగిస్తే ఏదైనా పడుతుంది. మూడేళ్లుగా నాది చుక్క కారలేదు.

మరచుట్టు:
మీది అదృష్టం. దాన్ని పద్ధతి అని ఇంకొకరికి చెప్పకండి. బీఎస్‌పీటీకి అంగుళానికి 28 మరలు, ఎన్‌పీటీకి 27. కోణం కూడా వేరే, మొదటిది 55 డిగ్రీలు, రెండోది 60 డిగ్రీలు. చేత్తో ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది, ఆ తర్వాత బిగుస్తుంది. అక్కడే స్పానరు వేసి నా బ్లాకు అంచు చిట్లించుకున్నాను. వెంట్రుకంత చీలిక, దాని గుండా ఆయిల్ చెమటలా ఊరేది.

వర్క్‌షాపు22:
ఇంత చర్చ అనవసరం. ఎన్‌పీటీ ట్యాపు (మర కోసే పనిముట్టు) వేసి మర తిప్పేస్తే సరిపోతుంది. నేను ఎన్నో చేశాను.

మరచుట్టు:
ఆ రంధ్రం నేరుగా ఆయిల్ గ్యాలరీలోకి, అంటే బేరింగులకు ఆయిల్ వెళ్లే దారిలోకి, తెరుచుకుంటుంది. ట్యాపు కోసిన ఇనుప రజను ఎక్కడికి పోతుంది? బేరింగుల్లోకే. ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్నవారు ఇలాంటి సలహా ఇవ్వడం నాకు నిజంగా బాధగా ఉంది. బీఎస్‌పీటీకి ఎన్‌పీటీని కలిపే అడాప్టరు దొరికేదాకా ఆగండి.

వర్క్‌షాపు22:
ట్యాపుకు గ్రీజు పూస్తే రజను దానికే అంటుకుంటుంది. చేతికి మట్టి అంటని వారు నాకు పని నేర్పవద్దు.

ఊటబావి:
మీరిద్దరూ కాస్త ఆగండి. పాతదుక్కి గారూ, డిప్‌స్టిక్కు మీద మట్టం పెరిగిందా? తీసి వాసన చూడండి. రిలీఫ్ వాల్వు (అదనపు ఒత్తిడిని వదిలేసే కవాటం) ప్లంజరు కింద నలుసు ఇరుక్కున్నా ఒత్తిడి పడిపోతుంది, అది బయటి నుంచే విప్పవచ్చు. కానీ దానికంటే ముందు చూడాల్సింది ఆయిల్‌లో డీజిల్ కలిసిందా అని.

దుక్కిసాలు:
ఇంకా చిక్కటి 20డబ్ల్యూ-50 పోయండి, లైటు ఆరిపోతుంది.

నల్లనేల:
లైటే ఆరుతుంది, జబ్బు పోదు. నేనూ అదే పోశాను.

పాతదుక్కి:
ఊటబావి గారూ, మట్టం పై గీత కంటే వేలెడు పైన ఉంది! వారం క్రితం సరిగ్గా గీత దగ్గర ఉంది. పెరిగితే మంచిదే అనుకుని వదిలేశాను. ఒక చుక్క కాగితం మీద వేస్తే మధ్యలో నల్లగా ఉండి, చుట్టూ లేత వలయం పాకింది. డీజిల్ వాసన స్పష్టంగా ఉంది. అడాప్టరుతో గేజి పెట్టాను: వేడి మీద ఐడ్లింగులో 0.4, పూర్తి రేసులో 1.8.

ఊటబావి:
ఇంజను పక్కన బిగించిన ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ తెచ్చేది) విప్పండి. లోపలి పల్చటి పొర, డయాఫ్రమ్, చిరిగితే డీజిల్ నేరుగా సంపులోకి దిగుతుంది. నాకు జరిగింది అదే. అది బాగుంటే ఇంజెక్టర్లు, ఇంజెక్షన్ పంపు సీలు చూడాలి.

పాతదుక్కి:
డయాఫ్రమ్ అంచున గోరంత చీలిక. ఫీడ్ పంపు మార్చి, ఆయిల్ మొత్తం దించి కొత్తది పోశాను, ఫిల్టరు కూడా మార్చాను. ఇప్పుడు వేడి మీద ఐడ్లింగులో 0.9, పూర్తి రేసులో 2.9. కానీ పాత ఫిల్టరు కోసి మడతలు విప్పితే రెండు మూడు మెరిసే రేకులు కనిపించాయి. అయస్కాంతానికి అంటలేదు.

వర్క్‌షాపు22:
అంటలేదంటే అది ఇనుము కాదు, షెల్లు లోహం కావచ్చు. పలచటి ఆయిల్‌తో తిరిగిన గంటల్లో రాలి ఉంటుంది. సంపు దించి ఒక బిగ్‌ఎండ్ క్యాపు విప్పండి, ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి సందు చెప్పే మెత్తటి ప్లాస్టిక్ పోగు) పెట్టి, మాన్యువల్లో చెప్పిన టార్కుకు బిగించి, క్రాంకు తిప్పకుండా మళ్లీ విప్పి కొలవండి. డీజిల్ సంగతి ముందే అడగకపోవడం నా తప్పు. సంపు రేకుదైతే ఇంజను దించనక్కరలేదు. పోత ఇనుముదై ముందు ఇరుసు దాన్నే పట్టుకుని ఉంటే మాత్రం ముందు భాగానికి ఆనింపు పెట్టకుండా ఒక్క బోల్టు కూడా కదపకండి.

పాతదుక్కి:
రేకు సంపే. దించాను. స్ట్రెయినర్ జల్లెడలో సగం దాకా పాత సిలికాన్ ముక్కలు, ఎవరో గాస్కెట్‌కు బదులు పూసినవి. క్యాపు కింద సందు 0.09 మిల్లీమీటరు, మాన్యువల్ హద్దు 0.20. జర్నలు మీద గీతలు గోటికి తగలడం లేదు. జల్లెడ కడిగి బిగించాక ఐడ్లింగులో 1.2. అడాప్టరు అలాగే ఉంచి, గేజిని స్టీరింగు పక్కన బిగించాను.