అప్‌డేట్: ఆ పదోన్నతి వద్దన్నాను

రెండు నెలల క్రితం మిమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది: జీతం బాగా పెరిగే పదోన్నతి వచ్చింది, కానీ లెక్కల్లో కొన్ని అంకెలు మార్చి సంతకం పెట్టాలి. ఇది దేవుడిచ్చిన అవకాశమా, శోధనా?

వద్దని చెప్పేశాను.

మీలో ఒకరు బైబిలులోని దేమా గురించి చదవమన్నారు. ఫిలేమోను పత్రిక 24వ వచనంలో అతను పౌలుకు జతపనివాడు. కొలొస్సయులకు రాసిన పత్రిక 4:14లో లూకా పక్కనే అతని పేరుంది. రెండవ తిమోతి 4:10కి వచ్చేసరికి ఇహలోకాన్ని ప్రేమించి, పౌలును విడిచి థెస్సలొనీకకు వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అతను ఒక్కరోజులో మారిపోయి ఉండడు, నాలాగే కొంచెం కొంచెంగా జారి ఉంటాడనిపించింది.

మొదటి యోహాను 2:16లో శరీరాశ, నేత్రాశ, జీవపుడంబం (అంటే హోదా, గొప్పల మీద గర్వం) అని ఉంది కదా, నన్ను పట్టుకున్నది మూడోదే. ఒక కాగితం మీద నా పేరు, దాని కింద కొత్త హోదా రాసుకుని బైబిలులోనే దాచుకున్నాను. తెల్లవారగానే దాన్ని చింపేశాను.

తర్వాత అంతా సులువుగా లేదు. ఆ పదవి నా జూనియర్‌కు వెళ్లింది. ఆమె కోసం ప్రార్థించమన్న పెద్దాయనకు వందనాలు. మొదటి వారం పెదవులతోనే చేశాను, గుండె కలుక్కుమంటూనే ఉంది. ఇప్పుడు మనసారా చేస్తున్నాను, ఎందుకంటే ఆ సంతకాలు ఇక ఆమెను అడుగుతారు. ఈ వారం ఆమెతో మాట్లాడాలనుకుంటున్నాను. నాకు ధైర్యం, తగిన మాటలు దొరకాలని దయచేసి ప్రార్థించండి.